ఏనుగు గోడ

మా ఇంటి వెనక గోడ మీద ఒక ఏనుగు ఉండేది. ఎవరూ గీసింది కాదు. నేల నుంచి చెమ్మ ఎక్కి, సున్నం పెచ్చులూడి, ఊడిన చోట బూజు పట్టి, దానంతటదే తయారైన ఏనుగు. ఎండాకాలంలో తొండం ఒక్కటే కనిపించేది. వానలు మొదలయ్యాక చెవులు వచ్చేవి, తర్వాత వీపు, చివరికి నాలుగు కాళ్ళూ. "ఏనుగు నిండింది" అని తమ్ముడు ప్రకటించాడంటే వానాకాలం సగం అయిపోయిందని మాకు లెక్క.

అమ్మకి మాత్రం ఆ గోడంటే నామోషీ. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే దాని మీద ఓ పాత క్యాలెండర్ తగిలించేది. వచ్చినవాళ్ళు వెళ్ళాక తీయడం మర్చిపోయేది. ఏడాది చివర్లో దాన్ని తీస్తే వెనక అట్ట నల్లగా ఉండేది, వేలితో రాస్తే జిగురు తగిలేది. ఆ వాసన నాకు ఇప్పటికీ తెలుసు. తడిసి ఆరిన పుస్తకం వాసన. ఎక్కడైనా మూసిపెట్టిన గదిలోకి అడుగుపెట్టినప్పుడు ఆ వాసన తగిలితే నాకు ముందు ఇల్లు గుర్తొస్తుంది. ఆ తర్వాత దగ్గు వస్తుంది.

ఉండేది ఒకటే గది, ముందు చిన్న వసారా. మేం ఎనిమిదిమందిమి. నాన్న, బాబాయి వసారాలో పడుకునేవాళ్ళు. లోపల నాయనమ్మ, అమ్మ, పెద్దక్క, చిన్నక్క, నేను, తమ్ముడు. మంచమంటూ ఒకటుండేది, దాని మీద బట్టల మూటలు, ట్రంకు పెట్టె పడుకునేవి. మనుషులం కింద. రెండు బొంతలు కలిపి పరిచి అడ్డంగా పడుకునేవాళ్ళం. ఒకరు పక్కకి తిరిగితే వరసంతా తిరగాలి. చిన్నక్క నడిరాత్రి "తిరుగుడు" అని చిన్నగా అనేది, నిద్రలోనే అందరం తిరిగేవాళ్ళం. ఇప్పుడు నాకొక్కడికే ఒక మంచం, ఒక గది, తల పక్కనే స్విచ్చి. అయినా నిద్ర పట్టని రాత్రి ఆ మాట వినాలనిపిస్తుంది.

గదికి కిటికీ ఒకటి ఉండాలి. ఉండేది కూడా. నాకు ఊహ తెలియకముందే ఓ గాలివానకి రెక్క ఊడిపోతే నాన్న దానికి అడ్డంగా చెక్క పెట్టి మేకులు కొట్టేశాడట. తర్వాత బాగు చేయిద్దామనుకున్నారు. నాయనమ్మ పడనివ్వలేదు. "చలిగాలి తగిలితే పిల్లలకి రొమ్ము పడిశం పడుతుంది, ఉండనీ" అందట. అలా ఆ చెక్క మేం ఇల్లు వదిలేదాకా ఉండిపోయింది. ఎనిమిది మేకులు. నేను చాలాసార్లు లెక్కపెట్టాను, పడుకుంటే ఎదురుగా కనిపించేవి అవే.

ఆ చెక్కలో కణుపు ఊడిన చోట ఒక చిల్లు. పొద్దున పూట దాంట్లోంచి వేలంత లావు వెలుగు లోపలికి దిగేది. నేల మీద రూపాయి బిళ్ళంత గుండ్రం పడేది. అది పొయ్యి దగ్గరికి జరిగిందంటే బడికి ఆలస్యమైనట్టే. వెలుగు దారిలో పొగ మెలికలు తిరుగుతూ కనిపించేది. నేనూ తమ్ముడూ దాని కింద పడుకుని నోటితో ఊది ఆ మెలికల్ని చెదరగొట్టేవాళ్ళం. మా సినిమా అదే. మేం ఊదాలంటే ముందు ఆ పొగనే పీల్చాలి కదా అన్న సంగతి అప్పుడెవరికి తట్టింది!

పొయ్యి కూడా గదిలోనే. పొగగొట్టం లేదు. పొగ దానికి తోచిన దారిన పోయేది. సగం తలుపులోంచి, సగం మా కళ్ళలోంచి. పైన వాసాలు మసిపట్టి నిగనిగలాడేవి, వాటి నుంచి మసి తీగలు వేలాడేవి. తడి కట్టెలు వచ్చిన రోజు అమ్మ గొట్టంతో ఊదుతూ ఊదుతూ మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఊదేది. ఒళ్ళో ఎప్పుడూ ఎవరో ఒక పసివాళ్ళు. నేనూ ఆ ఒళ్ళో ఉన్నవాణ్ణే.

ఇదంతా ఎంతో ఇష్టంగా చెబుతున్నాను. మా ఇంట్లో ఎవరు కలిసినా ఇవే కబుర్లు. ఆ ఇరుకు, ఆ నవ్వులు, చీకట్లో నాయనమ్మ గొంతు. మూడేళ్ళ కిందటి వరకు ఈ కబుర్లలో ఆ పొగ కూడా తీపి జ్ఞాపకమే.

మూడేళ్ళ కిందట నాకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. వయసు అనుకున్నాను, బరువు అనుకున్నాను. తగ్గకపోతే ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, "గుండె నిండా పీల్చండి... ఇప్పుడు ఊదండి, ఊదండి, ఊదండి, ఆపకండి, ఇంకా, ఇంకా" అని పక్కన ఒకమ్మాయి ఆటల పోటీలో అరిచినట్టు అరుస్తుంది. స్పైరోమెట్రీ అంటారు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికి తోయగలమో కొలుస్తారు. మూడుసార్లు ఊదాను. నాకు నవ్వొచ్చింది. ఊదడంలో నాకున్న అనుభవం ఈ అమ్మాయికి ఏం తెలుసు అనుకున్నాను.

డాక్టర్ కాగితం చూసి అడిగారు. "సిగరెట్లు ఎన్నేళ్ళు?"

"అసలు అలవాటు లేదండీ."

"మానేశారా?"

"మొదలే పెట్టలేదండీ."

"దుమ్ములో, పొగలో పనిచేసే ఉద్యోగమా?"

"కాదండీ, కుర్చీ ఉద్యోగం."

ఆయన కలం కింద పెట్టారు. "చిన్నప్పుడు ఎలాంటి ఇంట్లో ఉండేవారు?"

ఏ డాక్టరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు అంతకుముందు. చెప్పాను. ఏనుగు సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. "రెండేళ్ళలోపు న్యుమోనియా లాంటిది ఏమైనా వచ్చిందా? మీకు గుర్తుండదు, ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి" అన్నారు. తర్వాత ఒక మాట అన్నారు, అది నన్ను చాలా రోజులు వదల్లేదు. "మీ ఊపిరితిత్తులు అరిగిపోయాయని అనుకోవడం లేదండీ నేను. అవి అసలు పూర్తిగా పెరిగి ఉండవు."

ఊపిరితిత్తులు పుట్టినప్పటి నుంచి పెరుగుతూ, ఇరవైల్లోకి వచ్చాక పతాక స్థాయికి చేరతాయట. అక్కడి నుంచి అందరికీ మెల్లగా తగ్గుడే. పతాకం ఎత్తులో ఉన్నవాడికి తగ్గినా చాలాకాలం తెలియదు. చిన్నప్పుడు పదేపదే జబ్బుపడో, పొగ పీల్చో ఆ ఎత్తుకి చేరనివాడికి, అందరిలాగే తగ్గినా, ముందే తెలిసిపోతుంది. నేను పాపం మెట్లని తిట్టుకున్నాను.

బయటికి రాగానే పెద్దక్కకి ఫోన్ చేశాను. మా ఇంట్లో మిగిలిన పెద్ద తనే.

"అక్కా, నాకు చిన్నప్పుడు న్యుమోనియా వచ్చిందా?"

"న్యుమోనియా గిమోనియా తెలీదురా. డొక్కలెగరేసేవాడివి. నీకు పళ్ళు రాకముందు ఒకసారి, నడక వచ్చాక ఒకసారి. రెండోసారి మూడు రాత్రులు అమ్మ నిన్ను భుజం మీంచి దించలేదు. ఎందుకు, ఏమైంది?"

"ఏం లేదులే" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. టెన్షన్‌లో ఫోన్ పట్టుకుని జబ్బుల గురించి చదవకూడదని నేనే అందరికీ చెబుతుంటాను. చదివాను. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దొరికింది. బ్రిటన్‌లో 1946 మార్చిలో పుట్టిన పిల్లల్ని అప్పటి నుంచి ఇప్పటిదాకా వెంబడిస్తున్నారు. వాళ్ళలో మూడున్నర వేల మందికి పైగా జీవితాల్ని పరిశీలించి చూశారు. రెండేళ్ళలోపు బ్రాంకైటిసో (శ్వాసనాళాల వాపు) న్యుమోనియానో వచ్చినవాళ్ళు, 26 నుంచి 73 ఏళ్ళ మధ్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయే అవకాశం మిగతావాళ్ళ కంటే దాదాపు రెట్టింపు. సిగరెట్లు, కుటుంబ స్థితి, ఇంట్లో ఇరుకు, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా అంతే.

రెట్టింపు అనగానే గుండె ఝల్లుమంది. కాస్త కుదుటపడి మళ్ళీ చదివితే అసలు అంకెలు కనిపించాయి. నూటికి ఒకరు ఉన్నచోట నూటికి ఇద్దరు. అంటే ఆ జబ్బు చేసిన పిల్లల్లో నూటికి తొంభై ఎనిమిది మంది ఈ కారణంగా ముందుగా పోలేదు. ఈ సంగతి పొద్దున్నే మా ఆవిడకి చెప్పాను, తను అప్పటికే నా మొహం చూసి ఏదో అయిందనుకుంది.

అక్కడితో ఆగలేదు నేను. ఇంటి గురించే ఎవరైనా లెక్క తీశారా అని వెతికాను. తీశారు. 1937 నుంచి 39 మధ్య, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, జాన్ బాయిడ్ ఓర్ అనే ఆయన బృందం ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో 16 ప్రాంతాల్లో 1,352 కుటుంబాల గడప తొక్కింది. ఈయనే తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థకి మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యారు, 1949లో నోబెల్ శాంతి బహుమతి కూడా అందుకున్నారు. వాళ్ళు వెళ్ళింది పిల్లల తిండి, ఆరోగ్యం చూడటానికి. పనిలో పనిగా ఇంటిని కూడా రాసుకున్నారు. ఎన్ని గదులు, ఎంతమంది, గాలి ఆడుతుందా, నీళ్ళ కుళాయి ఇంట్లోనే ఉందా, మరుగుదొడ్డి ఎవరెవరికి, ఇల్లు శుభ్రంగా ఉందా. ఆ కాగితాలు దశాబ్దాలపాటు ఒక మూల పడి ఉన్నాయి. తర్వాత ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగర పరిశోధకులు వాటిని బయటికి తీసి, అప్పటి పిల్లలు ఎవరు ఏమయ్యారో, ఎవరు ఏ జబ్బుతో పోయారో వెతికి పట్టుకున్నారు. 2001లో ఫలితాలు అచ్చయ్యాయి.

ఇల్లు ఎంత అధ్వానంగా ఉంటే పెద్దయ్యాక మరణాలు అంత ఎక్కువ, మొత్తం మీద తేలింది ఇదీ. గాలి సరిగా ఆడని ఇళ్ళలో పెరిగినవాళ్ళలో మరణాలు ఎక్కువ కనిపించాయి. ఇంట్లో సొంత కుళాయి లేని ఇళ్ళ పిల్లల్లో, పెద్దయ్యాక, గుండె జబ్బు మరణాలు సుమారు 1.7 రెట్లు.

కుళాయికీ గుండెకీ ఏమిటి సంబంధం? నాకూ అదే సందేహం. నీళ్ళు మోసుకురావాల్సిన ఇంట్లో చేతులు కడగడం కూడా పొదుపే. మా ఇంట్లో బిందె మీద చిన్న గ్లాసు ఉండేది, ఒకరికి ఒక గ్లాసుతో మొహం, చేతులు, కాళ్ళు అయిపోవాలి. పసితనంలో అలా పట్టుకున్న ఇన్ఫెక్షన్లు ఒంట్లో ఎక్కడో రగులుతూ ఉండిపోతాయని కొందరి ఊహ. కుళాయి లేకపోవడం అసలు కారణం కాదు, ఆ ఇంట్లో లేని ఇంకా వంద వస్తువులకి అది గుర్తు మాత్రమే అని ఇంకొందరంటారు. పేదరికాన్నీ ఇంటినీ విడదీసి తూకం వేయడం తేలికేం కాదు. పరిశోధకులు ఇంటి పెద్ద ఉద్యోగం, తిండి అన్నీ లెక్కలోకి తెచ్చి విడదీయాలని చూస్తారు గానీ, మా ఇంట్లోనైతే ఇరుకు, పొగ, చెమ్మ, అప్పు అన్నీ ఒకే బొంత కింద పడుకునేవి.

ఇది చదివాక మా తమ్ముడి కడుపు గుర్తొచ్చింది. వాడికి ముప్పై దాటినప్పటి నుంచి కడుపులో మంట. టెన్షన్ అన్నారు, వేళకి తినవన్నారు. చివరికి ఎండోస్కోపీ చేస్తే పుండు, దాంతోపాటు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కనిపించాయి. రెండు వారాలు యాంటీబయాటిక్స్ వేసుకున్నాక పుండు మానింది. ఈ బాక్టీరియా కడుపుపుండుకి కారణమని చూపించినందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. మార్షల్ నమ్మనివాళ్ళని నమ్మించడానికి దాన్ని తనే తాగేశారు. ఈ సూక్ష్మజీవి ఎక్కువగా పసితనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచే అంటుకుంటుంది. ఒకసారి చేరితే, మందు పడకపోతే, జీవితాంతం ఉండిపోతుంది. చిన్నప్పుడు ఇరుకు ఇంట్లో, పక్కలు పంచుకుని పడుకున్నవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. వాడితో అన్నాను, "ఒరేయ్, నీ కడుపుమంట మన బొంత నుంచి వచ్చిందిరా" అని. "అయితే నీకూ ఉంటుంది, చూపించుకో" అన్నాడు. వాడు తమ్ముడైనా ఇలాంటి చోట అన్నలా మాట్లాడతాడు.

తమ్ముడి మాట వచ్చింది కాబట్టి గచ్చు సంగతి చెప్పాలి. మా గది నేల మట్టిది. వానాకాలం పాదం పెడితే చల్లగా, మెత్తగా దిగేది. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు నాన్న ఎలాగో తంటాలు పడి, ఇల్లుగలాయన్ని బతిమాలి, సగం ఖర్చు తనే పెట్టుకుని గచ్చు చేయించాడు. మూడు రోజులు ఎవరూ అడుగుపెట్టకూడదని వసారాలోనే అందరం. పోసిన రోజే నేను ఆగలేక వెళ్ళి ఒక మూల వేలు గుచ్చాను. ఆ గుంట అలాగే ఉండిపోయింది.

మెక్సికోలో కొవావిలా అనే రాష్ట్రంలో 2000 నుంచి పేదల మట్టి నేలల మీద ప్రభుత్వం సిమెంటు పోయించింది. పోయించిన ఇళ్ళనీ పోయించని ఇళ్ళనీ పరిశోధకులు పోల్చి చూశారు. నేల పూర్తిగా సిమెంటుగా మారిన ఇళ్ళలో పిల్లల కడుపులో నులిపురుగుల్లాంటివి 78 శాతం, విరేచనాలు 49 శాతం తగ్గాయి. రక్తహీనత కూడా బాగా తగ్గింది. మరీ ముచ్చటేమిటంటే, ఆ ఇళ్ళలో తల్లులు దిగులు తక్కువగా, ఇంటితో తృప్తిగా ఉన్నారని తేలింది. ఆ వాక్యం దగ్గర నాకు అమ్మ గుర్తొచ్చింది. గచ్చు ఆరిన రోజు తడిగుడ్డతో తుడిచి, అరచేతితో ఒకసారి నిమిరి చూసుకుంది. గచ్చు మీద పాకిన తమ్ముడు నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. గచ్చు వల్లే అంటాను నేను. ఇదొక్కటి మాత్రం శాస్త్రం కాదు, అసూయ.

ఇక చిన్నక్క.

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇందాకటి నుంచి దాటేస్తున్నాను. చిన్నక్కకి తరచూ గొంతునొప్పి వచ్చేది. ఒకరికి వస్తే అందరికీ వచ్చేది, అంత దగ్గరగా పడుకున్నప్పుడు రాకుండా ఎలా ఉంటుంది? మాకు నాలుగు రోజుల్లో పోయేది. తనకి తొమ్మిదో ఏట గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకి మోకాళ్ళు వాచాయి. అది తగ్గి చీలమండలు, అవి తగ్గి మోచేతులు. "ఎదిగే పిల్లలకి ఎముకల నొప్పులు మామూలే" అన్నారు ఎవరో. నొప్పులు పోయాయి. అందరం మర్చిపోయాం.

గొంతులో చేరే ఒక రకం స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. రుమాటిక్ జ్వరం. బాక్టీరియా మీద యుద్ధానికి బయలుదేరిన ఒంటి రక్షణ వ్యవస్థ, గురి తప్పి సొంత కీళ్ళ మీద, గుండె కవాటాల మీద పడుతుంది. 'కీళ్ళని నాకి, గుండెని కొరుకుతుంది' అని డాక్టర్లలో ఒక పాత మాట ఉంది. కీళ్ళు బాగైపోతాయి. కవాటం మీద పడ్డ మచ్చ మాత్రం ఏళ్ళ తరబడి గట్టిపడుతూ, బిగుసుకుపోతూ ఉంటుంది. మొదట్లోనే పట్టుకుంటే మూడు నాలుగు వారాలకో పెన్సిలిన్ ఇంజెక్షన్ చొప్పున ఏళ్ళపాటు ఇచ్చి మళ్ళీ రాకుండా కాపాడవచ్చు. ఆ ముక్క అప్పట్లో మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఇరుకు ఇళ్ళ జబ్బు ఇది. ధనిక దేశాల్లో పెన్సిలిన్ రాకముందే తగ్గుముఖం పట్టింది. ఇళ్ళలో కాస్త చోటు పెరగడం, పక్కలు వేరుకావడం అందుకు ఒక కారణమని చెబుతారు. అంటే మందు కంటే ముందు పనిచేసింది ఇంకో గది.

చిన్నక్కకి మొదటి కాన్పప్పుడు ఆయాసం వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు గుండె మీద భారం పెరుగుతుంది కదా, అప్పటిదాకా దాక్కున్న కవాటం అప్పుడు బయటపడింది. ఆపరేషన్ అయింది. బాగానే కోలుకుంది. పదేళ్ళు నడిచింది, నవ్వింది, కొడుకుని బడికి పంపింది. ముప్పై ఎనిమిదో ఏట పోయింది.

నిరుడు ఒక శుభకార్యంలో అందరం కలిశాం. మళ్ళీ అవే కబుర్లు. బొంత, పొగ, ఏనుగు. తమ్ముడు మొదలుపెట్టాడు. "ఇప్పటి పిల్లలకి మట్టి తగలదు, గాలి తగలదు, అందుకే తుమ్మితే ఆసుపత్రి. మనం చూడు, ఎంత గట్టిగా ఉన్నాం."

వాడి మాటలో కొంత నిజం ఉంది. పశువుల మధ్య, పొలాల్లో పెరిగిన పిల్లల్లో ఆస్తమా, అలర్జీలు తక్కువని చాలా అధ్యయనాలు చూపించాయి. రకరకాల సూక్ష్మజీవులు పసితనంలోనే పరిచయం కావడం మంచిదే. కానీ ఆరుబయట మట్టి వేరు, మూసిన గదిలో బూజు వేరు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఆస్తమా, దగ్గు, పిల్లికూతలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు రాసింది. పొగ సంగతైతే చెప్పనక్కర్లేదు. వంట పొగ వల్ల ఒక్క 2020లోనే 32 లక్షల మంది పోయారని ఆ సంస్థ అంచనా. ఆ పొగలో ఉన్న పసిపిల్లలకి న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు. పొగ పీల్చి గట్టిపడిన ఊపిరితిత్తులు నాకైతే ఎక్కడా తగల్లేదు.

ఇదంతా అక్కడ చెప్పలేదు నేను. శుభకార్యంలో ఇలా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి నేనే భరించలేను. పెద్దక్క మాత్రం తమ్ముడి మాట అందుకుంది. "అవున్రా, అంత ఇరుకులో కూడా అందరం బాగానే పెరిగాం" అంది.

అని, ఆగింది. చిన్నక్క కొడుకు మా పక్కనే కుర్చీలు సర్దుతున్నాడు. తల్లి పోలికే. "అందరం" అన్న మాట పట్టుకుని పెద్దక్క కాసేపు అలా ఉండిపోయి, కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

నాకు తెలుసు, ఎవరి జబ్బుకి ఏది కారణమో వేలు పెట్టి చూపించలేం. వేలమందిని కలిపి చూస్తే కనిపించే లెక్క ఒక్క మనిషి విషయంలో పనికిరాదు. అదే ఇంట్లో, అదే పొగలో పెరిగిన పెద్దక్క డెబ్బైకి దగ్గర్లో ఉండి కూడా నాకంటే ముందు మెట్లెక్కుతుంది. నాయనమ్మ కళ్ళు పొరలు కమ్మి కనిపించకుండా పోయినా తొంభై చూసింది. కిటికీ మూయించిన నాయనమ్మని తప్పుపట్టబుద్ధి కూడా కాదు. చలిగాలికే జబ్బు వస్తుందని ఆవిడ నమ్మింది, తనకి తెలిసిన దారిలో మమ్మల్ని కాచింది.

ఆ మధ్య నేనూ తమ్ముడూ ఆ వైపు పని మీద వెళ్ళాం. ఇల్లు ఇంకా ఉందా అని చూడబోతే ఉంది. అద్దెకి ఒక చిన్న కుటుంబం. ఆ అమ్మాయి గుమ్మంలోనే అనుమానంగా చూసింది. చిన్నప్పుడు ఇక్కడే ఉండేవాళ్ళమమ్మా అని చెబితే లోపలికి రానిచ్చింది. పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. వసారాలో కుళాయి ఉంది, తిప్పి చూడబోయి బాగుండదని ఆగాను. మూలన నా వేలి గుంట ఉంది. వాసన మాత్రం అదే.

కిటికీకి ఆ చెక్క అలాగే ఉంది.

"దీన్ని తీయించలేదా అమ్మా?" అన్నాడు తమ్ముడు.

"ఇల్లుగలవాళ్ళని అడిగామండీ. చూద్దామన్నారు. పాపకి రాత్రిళ్ళు ఒకటే దగ్గు" అంది.

తమ్ముడు నా వైపు చూశాడు. ఇందాకటి గట్టి మనిషేనా వీడు అనిపించింది. బయటికి వెళ్ళి పక్కింట్లో ఎవరినో అడిగి సుత్తి, పట్టకారు తెచ్చాడు. ఇల్లుగలాయనకి ఫోన్ చేసి, మేమెవరమో చెప్పి, జాలీ మేం కొట్టిస్తామంటే సరేనన్నాడు. తుప్పు పట్టిన మేకులు అంత తేలిగ్గా రాలేదు. ఏడు వచ్చాయి. ఎనిమిదోది తల విరిగి లోపలే ఉండిపోయింది, దాని చుట్టూ చెక్కని చీల్చాల్సి వచ్చింది. చెక్క ఊడగానే దుమ్ము, వెలుగు, పక్క సందులో ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు ఒక్కసారే లోపలికి వచ్చాయి. నాకు ఆయాసం వచ్చి మంచం మీద కూలబడ్డాను.

వెలుగు సరిగ్గా వెనక గోడ మీద పడింది. పెచ్చులు ఇంకా ఊడాయి, నలుపు ఇంకా పాకింది. అయినా నేను గుర్తుపట్టాను.

"చూశావా, ఏనుగు" అన్నాను పాపతో. "అదిగో తొండం. మేం నీ అంత ఉన్నప్పటి నుంచి ఉంది."

పాప తల పక్కకి వంచి చూసింది. రెండుసార్లు దగ్గింది.

"ఏనుగు కాదు తాతయ్యా, బస్సు" అంది.